మళ్ళీ అండమాన్ వెళ్తే...

ఈ సంచికకు "నేను చూసిన ఊరు" అనే అంశం మీద రాయమని తెలుగు మాస్టారు చెప్పగానే క్లాసులో అందరూ నా వైపు తిరిగి చూశారు. ఎందుకంటే మన హాస్టల్లో ఓడ ఎక్కినదాన్ని నేనొక్కదాన్నే. కానీ ఆ ఓడ సంగతి 8వ తరగతిలో ఉన్నప్పుడే ఈ గోడ మీద రాసేశాను. రాసిందే మళ్ళీ రాస్తే మీరు ఊరుకోరు. అందుకని ఈసారి చూసిన ఊరి గురించి కాక, మళ్ళీ చూడబోయే ఊరి గురించి రాస్తున్నాను.

పదో తరగతి పరీక్షలు అవగానే ఏప్రిల్ నెలలో మేము మళ్ళీ అండమాన్ వెళ్తున్నాం. మా మావ అక్కడ తాపీ పని చేస్తాడు. ఆ ఊరి పేరు పోర్టుబ్లెయిర్. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు. మావ మాత్రం ఇంకా పోర్టుబ్లెయిర్ అనే అంటాడు. నాకూ అదే అలవాటు.

మొదటిసారి 2023 వేసవిలో వెళ్ళాం. నేను అప్పుడు 7వ తరగతి పరీక్షలు రాసి ఉన్నాను. చింతపల్లిలో బస్సు ఎక్కి నర్సీపట్నం మీదుగా తుని వెళ్ళాం. అక్కడ రైలెక్కి చెన్నై, చెన్నైలో ఓడెక్కి మూడు రోజులు సముద్రం మీద. అన్నిటికంటే చౌక టిక్కెట్టు బంకు క్లాసు. ఒకదాని మీద ఒకటి మంచాలు, అచ్చం మన డార్మెటరీ లాగే. అమ్మ మూడు రోజులూ నిమ్మకాయ వాసన చూస్తూ పడుకుంది. నేను మాత్రం పైకెక్కి చూస్తూనే ఉన్నాను. ఒడ్డు దగ్గర నీళ్ళు మట్టి రంగు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం, ఆ తర్వాత సిరా. కాలాపానీ అని ఎందుకన్నారో నాకు అక్కడ అర్థమయింది అనుకున్నాను. నిజంగా అర్థం కాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అన్నయ్య ఫోను నా చేతిలో ఉండేది. పది రోజుల్లో మూడు వందల నలభై ఫొటోలు తీశాను. తిరిగొచ్చాక హాస్టల్లో అందరికీ ఎంతో గొప్పగా చూపించాను. అన్నీ చూసి నా స్నేహితురాలు ఒకటే మాట అంది. "ఏటే, ఇవి అండమాన్‌లో తీసినవా, అనకాపల్లిలో తీసినవా?" అందరూ ఒకటే నవ్వు! నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని మళ్ళీ చూసుకుంటే అది చెప్పింది నిజమే. ప్రతి ఫొటోలోనూ మేమే. నేను, అమ్మ, నాన్న, మావ, అత్త వరసగా నిలబడి ఉన్నాం. వెనక ఏముందో మా తలలకు అడ్డుపడిపోయింది. ఒకదాంట్లో సముద్రం ఒక పక్కకు ఒరిగిపోయి, నీళ్ళు కారిపోతాయేమో అన్నట్టుంది. సాయంత్రం తీసినవన్నీ నల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం తీసిన వాటిలో అందరం కళ్ళు మూసుకునే ఉన్నాం.

అప్పటినుంచి డ్రాయింగ్ మాస్టారి వెంట పడ్డాను. ఆయన చెప్పినవి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. 1. సముద్రం గీత అడ్డంగా, సూటిగా ఉండాలి. 2. సూర్యుడు ఎక్కడున్నాడో ముందు చూసుకోవాలి. 3. మనుషుల్ని నిలబెట్టి తియ్యకూడదు, పని చేసుకుంటుంటే తియ్యాలి. 4. పది తీసేకంటే పది నిమిషాలు నిలబడి చూసి ఒకటి తియ్యాలి. ఈ నాలుగోది నాకు చాలా కష్టం.

ఇక నా ప్లాను చెబుతాను.

మొట్టమొదటిది టైము. పోయినసారి మేము ప్రతి చోటికీ ఆలస్యంగానే వెళ్ళాం. చిడియాటాపు అనే చోట సూర్యాస్తమయం చాలా బాగుంటుందని మావ చెబితే, సాయంత్రం ఆరుకు కదా అని తీరిగ్గా టీ తాగి బయల్దేరాం. అది ఊరికి 25 కిలోమీటర్ల దూరం. వెళ్ళేసరికి చీకటి. దోమలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇలా ఎందుకయిందో సోషల్ టీచరు మ్యాపు పెట్టి చెప్పారు. మన దేశం మొత్తానికి టైము లెక్క పెట్టే రేఖాంశం 82½ డిగ్రీలు. అది మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది. పోర్టుబ్లెయిర్ ఉన్నది 92¾ డిగ్రీల దగ్గర. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే అక్కడ సూర్యుడు మనకంటే సుమారు 40 నిమిషాలు ముందు ఉంటాడు. గడియారం మాత్రం ఒక్కటే! అందుకే అక్కడ ఏప్రిల్లో పొద్దున్న 5 గంటలకల్లా తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు కూకిపోతుంది. పాఠంలో చదివినప్పుడు మార్కుల కోసం చదివాను. ఫొటోలు నల్లగా వచ్చాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఈసారి నాలుగున్నరకే లేస్తాం. హాస్టల్లో వేకువ గంటకు లేచే మనకు అదేమంత కష్టం కాదు. సాయంత్రం ఫొటోలకు నాలుగు గంటలకే ఆ చోట ఉండాలి.

ఏప్రిల్లోనే ఎందుకు అంటే, మనకు జూన్‌లో వచ్చే నైరుతి వాన అక్కడికి మే 20 ప్రాంతానికే వచ్చేస్తుంది. పోయినసారి మేము మే నెల చివర దాకా ఉండి ఆఖరి నాలుగు రోజులూ తడిసిపోయాం. ఫోను కూడా తడిసింది. ఈసారి ఫోనుకు ప్లాస్టిక్ కవరు, తుడవడానికి మెత్తని పాత నూలు గుడ్డ సంచిలో పెట్టేశాను. ఉప్పు గాలికి అద్దం మసక పడుతుంది.

రెండోది పోటూ పాటూ. నీల్ దీవిలో (2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు) సముద్రమే కోసి చేసిన రాతి వంతెన ఒకటుంది. మేము వెళ్ళేసరికి పోటు మీద ఉంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, దగ్గరికి వెళ్ళనివ్వలేదు. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు పడుతుందట. రోజురోజుకూ అది దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుందట. అమావాస్యకూ పున్నానికీ సముద్రం బాగా వెనక్కి పోతుందని సైన్సు మాస్టారు చెప్పారు. అందుకని క్యాలెండర్లో అమావాస్య చూసుకుని ఆ రోజుల్లో నీల్ వెళ్ళేట్టు రాసుకున్నాను. అక్కడ నీళ్ళు తీశాక రాళ్ళ గుంటల్లో పగడాలు, చిన్న చేపలు ఉండిపోతాయి. వంగి ఫొటో తియ్యాలి, ముట్టుకోకూడదు. పోయినసారి నేను ఒక చచ్చిన పగడపు ముక్క ఏరి సంచిలో పెట్టుకున్నాను. అది చట్టవిరుద్ధం అని మావ తిట్టి మళ్ళీ నీళ్ళలో వేయించాడు.

మూడోది రాస్ దీవి. 1941 భూకంపం దాకా ఇంగ్లీషు దొరల కాపురం అక్కడే ఉండేది. ఇప్పుడు గోడలే మిగిలాయి. ఆ గోడల్ని చెట్ల వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. చర్చి గోడ మీద వేళ్ళు కొండచిలువల్లాగా పాకి ఉంటే పోయినసారి దాని ముందు మేము నిలబడి దాన్ని కనబడకుండా చేసేశాం! ఈసారి వేళ్ళు మాత్రమే తీస్తాను. దొరలు పోయారు, చెట్టు ఉంది. ఆ ఫొటోకు పేరు అక్కర్లేదు.

సిప్పీఘాట్ అనే చోట కూడా ఒకటి తియ్యాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అక్కడ నేలే కిందికి దిగిపోయింది. పంట పొలాల్లోకి వచ్చిన సముద్రపు నీరు మళ్ళీ పోలేదు. పోయినసారి బస్సులోంచి చూసి చెరువు అనుకున్నాను. "చెరువు కాదే, అది వరి పొలం" అన్నాడు మావ. నేను నమ్మలేదు.

ఇక నాలుగోది సెల్యులార్ జైలు. ఇది నేను సిగ్గుపడుతూ రాస్తున్నాను. పోయినసారి అక్కడ నేను తీసిన ఫొటోలు పదిహేను. పదిహేనింటిలోనూ నేను మావ నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాను. ఆ జైలు 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ ఏడు వరసలు, ఒక్కో గదికి ఒక్క మనిషి. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుకు ఎదురుగా ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం చూడకుండా కట్టారు. ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. బురుజులో పాలరాతి పలకల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ పలకల ముందు నిలబడి నేను ఐస్‌క్రీము గురించి నాన్నతో పేచీ పెట్టాను.

వచ్చాక 9వ తరగతిలో మన్యం పితూరీ గురించి మాస్టారు చెప్పారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు గారి దళం మొదట పట్టుకున్నది మన చింతపల్లి పోలీసు స్టేషనే. అది మనందరికీ తెలుసు. తర్వాత పట్టుబడ్డ మన మన్యం వాళ్ళలో కొందరిని అండమాన్ పంపారని నాకు తెలియదు. గొందిపాకల బోనంగి పండు పడాల్ గారు అలా వెళ్ళినవారే. గొందిపాకలు ఎంత దూరం? మన పక్క ఊరే! సముద్రం అనేది ఎప్పుడూ చూడని మనిషి, చేతికి సంకెళ్ళతో, ఆ సిరా రంగు నీళ్ళ మీద వెళ్ళాడు. నేను ఓడ మీద నిలబడి కాలాపానీ అర్థమయింది అనుకున్నాను చూడండి, అదీ నా తెలివి. ఈసారి కళ్ళజోడు పెట్టుకోను. ఆ పలకల మీద ఒక్కో పేరూ నిదానంగా చదువుతాను. మన మన్యం పేర్ల కోసం వెతుకుతాను. దొరికితే దాన్ని ఫొటో తీసి తెచ్చి ఈ గోడ మీదే అంటిస్తాను.

అయిదోది మౌంట్ హారియట్ కొండ. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ వాళ్ళను అక్కడ ఖైదులో ఉంచారు. అందుకని 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. ఆ కొండ మీద నుంచి చూస్తే కింద కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల లైట్‌హౌస్ కనిపిస్తాయి. ఈ బొమ్మ మీ అందరూ చూసిందే. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉన్నది అదే! ఇప్పటి ఆకుపచ్చ నోటు మీద ఎల్లోరా ఉంది. ఆ పాత నోటు గురించి మీకు ఒక కథ చెప్పాలి.

మా ఊరు లంబసింగి దగ్గర. డిసెంబరు, జనవరిల్లో మంచు చూడడానికి కార్ల మీద కార్లు వస్తాయి. మా అమ్మమ్మ ముంగిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తుంటే ఒకసారి నలుగురు దిగారు. ఒక్క మాట అడగలేదు. ముందునుంచీ పక్కనుంచీ ఫొటోలు తీశారు. ముక్కుపుడకలు కనపడేట్టు ముఖం ఇటు తిప్పమన్నారు. అమ్మమ్మ తలమీద కొంగు లాక్కుని కూర్చుండిపోయింది. వెళ్తూ వెళ్తూ ఒకాయన చేతిలో 20 రూపాయల నోటు పెట్టి, "ఫొటో పంపిస్తాంలే అమ్మా" అన్నాడు. ఏ అడ్రసుకు పంపిస్తాడు? పేరే అడగలేదు! అమ్మమ్మ ఆ నోటు ఖర్చు పెట్టలేదు. పెట్టెలో పడేసింది. "ఇది కూలి కాదు, సాయం కాదు. ఏటో నాకు తెల్దు" అంది. ఆ సాయంత్రం నేను ఆ కారు వాళ్ళను చాలా తిట్టాను.

అదే నేను అండమాన్‌లో ఏం చేశానో ఇప్పుడు రాస్తాను. ఇది పోయిన సంచికలో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

పోర్టుబ్లెయిర్ నుంచి బారాటాంగ్ వెళ్ళే రోడ్డు జారవా వాళ్ళ అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర గేటు. బస్సులూ కార్లూ అన్నీ ఒక వరసలో, పోలీసుల మధ్య పోవాలి. ఆగకూడదు, ఏమీ ఇవ్వకూడదు, ఫొటో తియ్యకూడదు అని పెద్ద బోర్డు. ఆ ఆదిమ జనాన్ని కాపాడడానికి 1956 లోనే చట్టం చేశారు. 2011 జనాభా లెక్కల్లో జారవాలు 380 మంది. మన బడి పిల్లలంతమంది! బయటి వాళ్ళ రోగాలు వాళ్ళకు సోకితే తట్టుకోలేరు. 1999లో వాళ్ళకు తట్టు సోకింది. 2012 జనవరిలో ఒక ఇంగ్లండు పత్రిక ఒక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లల్ని డాన్సు చెయ్యమన్నారు అందులో. దేశమంతా గొడవయింది.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. కానీ బోర్డు చదివాను కదా! బస్సులో అందరూ కిటికీలకు అంటుకుపోయి, జూకి వెళ్ళినట్టు "కనపడ్డారా, కనపడ్డారా" అంటున్నారు. ఒక మలుపులో రోడ్డు పక్క ఒక తల్లి, చంటిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. నా చెయ్యి దానంతటదే ఫోను ఎత్తింది. అమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. అంత గట్టిగా అమ్మ నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. "మీ అమ్మమ్మని తీసినోళ్ళని ఏటని తిట్టావే?" అంది. అంతే. ఇంక ఏమీ అనలేదు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆ తల్లి మా బస్సు వైపు చూసిందో లేదో నేను చూడలేదు.

గుహల్లో తీసిన ఫొటోలు తర్వాత తుడిచేశాను. వాటిని చూస్తే చెయ్యి నొప్పి గుర్తొచ్చేది. ఈసారి ప్లానులో బారాటాంగ్ లేదు. మావ అడిగితే, సున్నపురాయి గుహలు మాకు బొర్రాలో ఉన్నాయి మావా అని చెప్పాను. ఆ రోడ్డున నేను మళ్ళీ పోను.

ఇంకొక తప్పు కూడా ఉంది. మావ ఇంటి పక్కన ఒక ముసలమ్మ ఉంది. వాళ్ళను అక్కడ రాంచీ వాళ్ళు అంటారు. 1918 నుంచి అడవి పనికి ఛోటానాగ్‌పూర్ నుంచి ఓడల్లో తెచ్చిన ఉరావ్, ముండా, ఖరియా వాళ్ళ సంతతి వీళ్ళు. అక్కడ వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగే గనక ఆమెకు కొంచెం తెలుగు వచ్చు. అమ్మకు జ్వరం వస్తే మూడు రోజులు గంజి కాచి ఇచ్చింది. నేను ఆమెను అడిగే ఫొటో తీశాను. ఆమె నవ్వుతూ తీయించుకుని, "నాకు ఒకటి ఇస్తావా? మా ఇంట్లో నా ఫొటో లేదు" అంది. ఇస్తాను అన్నాను. ఇవ్వలేదు! మూడు వందల నలభైలో ఎక్కడో కలిసిపోయింది. కారులో వచ్చిన వాళ్ళకూ నాకూ తేడా ఏమిటి? వాళ్ళు పేరు అడగలేదు. నేను పేరు తెలిసీ పంపలేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో చింతపల్లిలో స్టూడియోకు వెళ్ళి ఆ ఫొటో పెద్దదిగా వేయించాను. లామినేషన్ కూడా చేయించాను. దానికి నా స్టేషనరీ డబ్బులు అయిపోయాయి, అందుకే ఇప్పుడు అందరి దగ్గరా పెన్సిళ్ళు అడుగుతున్నాను, కోప్పడకండి. మే నెల వానలో ఫోను తడిసినా ఆ ఫొటో బతికింది. ఓడ దిగగానే నేను చేసే మొదటి పని అది ఆమె చేతికి ఇవ్వడం. సూర్యోదయాలూ వంతెనలూ తర్వాత.

సెలవుల్లోనే అమ్మమ్మకు నా ప్లాను అంతా చదివి వినిపించాను. పెట్టెలోంచి ఆ ఎర్ర నోటు తీయించి, వెనక బొమ్మ చూపించి, నేను వెళ్ళేది ఇక్కడికే అని చెప్పాను. అమ్మమ్మ కొబ్బరిచెట్ల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ఇన్నాళ్ళూ ఇది నా పెట్లోనే ఉందేటి!" అంది. అప్పుడు అడిగాను. "అమ్మమ్మా, నోటు పట్టుకుని కూర్చో. నీ ఫొటో తియ్యనా?"

అమ్మమ్మ వెంటనే అవుననలేదు. లోపలికి వెళ్ళి తల దువ్వుకుని, ఉతికిన కోక కట్టుకుని వచ్చింది. "ఆధార్ కార్డుకి తీసినోడు కూడా నన్ను అడగలేదు. కూకో అన్నాడు, కూకున్నాను. నువ్వు అడిగావు. తియ్యి. ఒకటి నాకియ్యాల" అంది.

పది నిమిషాలు నిలబడి చూసి ఒకటే తీశాను. డ్రాయింగ్ మాస్టారికి చూపించాను. గీత సూటిగానే ఉంది అన్నారు.

మిత్రులారా! అండమాన్ నుంచి రాగానే అన్ని ఫొటోలూ మీకు చూపిస్తాను. ఈసారి మూడు వందల నలభై ఉండవు. మీలో ఎవరైనా వంజంగి, అరకు, ఎక్కడికి వెళ్ళినా ఫోను ఎత్తేముందు ఎదుటి మనిషిని ఒక్క మాట అడగండి. ఇస్తానని అంటే ఇవ్వండి. నేను మొదటిసారి చెయ్యలేనిది అదే.

ఇట్లు,
మీ అక్క,
10వ తరగతి, బి సెక్షన్